తొంభై తొమ్మిది ఇంచుల నీళ్లు

మా ఆఫీసులోని పాత కంప్యూటరులో ఉన్నదంతా కొత్తదానిలోకి మార్చడానికి వేసిన ప్రణాళిక నలభై పేజీలు ఉండేది. ఎవరు ఏ రోజు ఏం చేయాలో, ఏదైనా చెడితే ఎవరికి ఫోన్ చేయాలో, కరెంటు పోతే ఏం చేయాలో అందులో రాశారు. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎక్కడి నుంచి తెప్పించాలో కూడా రాశారు. ముప్పై ఒకటో పేజీలో "సరిచూసేవారు" అన్న గడిలో నా పేరు ఒకసారి వచ్చింది. అచ్చుతప్పు లేకుండా పడిందని ఆ రోజంతా సంతోషంగా తిరిగాను.

మాది కర్నూల్లో బోర్ల వివరాలు నమోదు చేసే చిన్న సంస్థ. రైతు బోరు వేసుకున్నాక మా దగ్గరికి వచ్చి ఎన్ని అడుగులు తవ్వారో, పైపులో ఎన్ని ఇంచుల మందాన నీళ్లు పడ్డాయో చెబుతాడు. మేము కంప్యూటరులో ఎక్కించి, ఒక కార్డు అచ్చువేసి ఇస్తాం. కొత్తగా బోరు వేయాలనుకునేవాళ్లు తమ పొలం చుట్టుపక్కల ఏం పడిందో మమ్మల్ని అడిగి పోతారు. కడపలో ఇంకో ఆఫీసు ఉంది, మా కన్నా చిన్నది. ఎక్కించే పని నాది. మాట్లాడే పని మా ఫీల్డు సూపర్‌వైజరుది. ఆయన్ని అందరం సాబు అనే పిలుస్తాం. నాకు ఆ పంపకం చాలా నచ్చింది. నలుగురిలో నోరు తెరవాల్సి వస్తే నాకు ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాటలు పోతాయి. చెప్పాల్సినవన్నీ సాయంత్రం డైరీలో చెప్పుకుంటాను. అక్కడ నేను మహా వాచాలురాలిని.

పాత ప్రోగ్రాము రాసిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆ ప్రోగ్రాము చూసినవాళ్లకు ఆయన దొరక్కపోవడమే ఆయనకు క్షేమమని అనిపిస్తుంది. అందులో "నీళ్లు, ఇంచుల్లో" అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలితే ముందుకు పోదు. సున్నా కొడితే పోతుంది, కానీ కార్డు మీద ఆ సున్నా రూపాయి బిళ్లంత లావుగా పడుతుంది.

మా వైపు రైతు ముఖం మీద ఎండిందనే మాట ఎవరూ అనరు. దీపం ఆరిందని అనకుండా కొండెక్కిందని ఎలా అంటామో, బోరుకూ అలాంటి మర్యాదే ఉంది. ఐదువందల అడుగులు తవ్వి దుమ్ము తప్ప ఏమీ రాకపోయినా "అలిగింది" అంటారు, "ఇంకా చూద్దాం" అంటారు. నేను చేరకముందు, ఆఫీసు పెట్టిన మొదటి సంవత్సరంలో ఒక రైతు కార్డు మీద సున్నాను చూసి, కార్డు బల్ల మీదే పెట్టి, గుమ్మం బయట విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడట. ఆ చెప్పులు చాలా రోజులు అక్కడే ఉన్నాయట. అప్పటి నుంచి సాబు సున్నాకు బదులు తొంభై తొమ్మిది వేయడం మొదలుపెట్టాడు.

"ఎవురి బోర్లో తొంభై తొమ్మిది ఇంచులు పడతాది పాపా?" అన్నాడు ఒకసారి నాతో. "తుంగభద్ర నిట్టనిలువునా లేచి నిలబడితే తప్ప. చూసినోనికి చూస్తానే తెలిసిపోతాది."

నిజమే. మా దగ్గర ఒక ఇంచు పడితే తలకు స్నానం చేసి టెంకాయ కొడతారు. రెండించులు పడితే పిల్లనిచ్చేవాళ్లు ఇంటికి వస్తారు. తొంభై తొమ్మిది అంటే ఏమీ లేదని ఆఫీసులో అందరికీ తెలుసు. అదెక్కడా రాసిలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు, రెండో రోజుకే అర్థమైంది.

ఇంత చక్కని ఏర్పాటులోకి హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. డేటాను క్షేమంగా మార్చే పూచీ ఆయనది. నా కన్నా నాలుగేళ్లు పెద్ద ఉంటాడు. అందరినీ అండీ అంటాడు, నన్ను మేడం అంటాడు. నన్ను మేడం అన్న మొదటి మనిషి ఆయనే కాబట్టి మొదటిసారి పిలిచినప్పుడు వెనక్కి తిరిగి చూశాను.

మొదటి సమావేశంలో ఆయన తెర మీద బాణం గుర్తులు చూపించి, డేటా మైగ్రేషన్ అంటే ఏమిటో వివరించాడు.

"మైగ్రేషన్ అంటే మాకు తెలుసు సార్," అన్నాడు సాబు. "కోడుమూరు కాడ ఊర్లకూర్లే పోతాయి గుంటూరుకు, మిరపకాయలు కోయనీకి. ఇంగ ఈ డేటా యాడికి పోతాది?"

"క్లౌడ్‌కి సార్."

"మోడాలకా! మోడాలు మా దిక్కు రాక ఎన్నాళ్లాయ. ఇంగ మేమే ఎదురుపోవాల్నా?"

కంపెనీ మనిషి నవ్వకుండా తర్వాతి పేజీకి పోయాడు. పాత డేటాలో ప్రత్యేకమైన కోడ్‌లు, గుర్తులు ఏమైనా వాడారా అని అడిగాడు.

"కోడులా? అట్లాంటివేం లేవప్పా. అంతా సాదా," అన్నాడు సాబు.

అబద్ధమాడలేదు. ఆయన దృష్టిలో తొంభై తొమ్మిది కోడు కాదు. నేను తలుపు పక్కన కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను. అందరూ నా వైపు తిరిగేలా కనిపించారు. తెరిచిన నోట్లో ఒక బిస్కెట్ పెట్టుకున్నాను. ఆ సాయంత్రం డైరీలో "రేపు 99 సంగతి చెప్పాలి" అని రాసుకున్నాను. మరుసటి రోజు పేజీలో కూడా అదే ఉంది. ఆ తర్వాతి పేజీలో "చెప్పాలి" కింద గీత గీసి ఉంది. నలభై పేజీలు రాసినవాడికి ఇంత చిన్న విషయం తెలియకుండా ఉంటుందా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బాగా చదువుకున్నవాళ్ల మీద నాకున్న ఈ గౌరవం చిన్నప్పటి నుంచీ నాకు చాలా పని తప్పించింది.

మార్పిడి ఆదివారమని, దానికి ముందు మంగళవారం ఒక ప్రయత్నం చేసి చూద్దామని అనుకున్నారు. సోమవారమే సాబు కడపకు వెళ్లాడు. కడప వాళ్ల మర్యాద మా దాని కన్నా ఒక మెట్టు పైన ఉంటుంది. నీళ్లు పడని బోరును వాళ్లు అసలు నమోదే చేయరు. ఆ లెక్కన కడప జిల్లాలో ఇంతవరకు ఒక్క బోరు కూడా ఎండలేదు. వాళ్లు వదిలేసిన ఆ బోర్లన్నీ కూర్చుని ఎక్కించి రావడానికి సాబుకు శుక్రవారం సాయంత్రం దాకా పడుతుంది.

మంగళవారం ప్రయత్నం అద్భుతంగా జరిగింది. పాతదానిలో ఎన్ని బోర్లున్నాయో కొత్తదానిలోనూ అన్నే. అడుగుల మొత్తం సరిపోయింది, ఇంచుల మొత్తం సరిపోయింది. సరిచూసేదాన్ని కాబట్టి నేను యాభై బోర్లు ఏరి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. అక్కడ తొంభై తొమ్మిది, ఇక్కడ తొంభై తొమ్మిది. టిక్కు పెట్టాను. ఇన్నేళ్ల మా అబద్ధం ఒక్క ఇంచు కూడా కారిపోకుండా కొత్త ఇంటికి చేరింది.

అప్పుడు కంపెనీ మనిషి మ్యాపు తెరిచాడు. కొత్తదానిలో ఉన్న గొప్ప సంగతి అదే. అంకెలు కనిపించవు, రంగులు కనిపిస్తాయి. నీళ్లు తక్కువున్నచోట పసుపు, ఎక్కువున్నచోట నీలం. తెర మీద కోడుమూరు వైపు చూశాను. నడిసముద్రం రంగు. ఓడరేవు కట్టుకోవచ్చు. నిజంగా ఇంచున్నర నీళ్లున్న నాలుగు పొలాలు మధ్యలో పసుపుపచ్చగా, కరువు పట్టిన దీవుల్లా ఉన్నాయి.

"మీ దగ్గర గ్రౌండ్ వాటర్ చాలా బాగుంది మేడం," అన్నాడాయన. "రాయలసీమ అంటే ఏదో అనుకున్నాను."

"ఆ," అన్నాను.

అది చెప్పాల్సిన సమయం. తర్వాత చెబుదామనుకున్నాను. అంతలో ఒక పెద్దమ్మ వచ్చింది. కోడుమూరు దగ్గరి పల్లె నుంచి ఏటా ఒకసారి వస్తుంది. ఆమెకు ఐదెకరాల చేను, రెండు ఎండిన బోర్లు, ఒక ఎద్దుల జత ఉన్నాయి. భర్త లేడు, సేద్యం తనే చేసుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ చుట్టుపక్కల ఎవరికైనా నీళ్లు పడ్డాయా అని సాబును అడుగుతుంది. ఆయన "ఇంకా చూద్దాం పెద్దమ్మా" అంటాడు. ఆమె పోతుంది.

"సాబు యాడ?" అంది.

నేను మాటలు కూడదీసుకునేలోపు కంపెనీ మనిషి లేచి ఆమెకు కుర్చీ వేశాడు. తన పని ఒక రైతుకు ఉపయోగపడటం ఆయన కళ్లారా చూడబోతున్నాడు. ఊరు అడిగి, సర్వే నంబరు అడిగి, ఆమె చేనును తెర మీద పెద్దది చేశాడు.

"ఇదిగోండి, ఇది మీ పొలం. ముదురు నీలం అంటే నీళ్లు బాగా ఎక్కువని."

ఆమె తెరకు దగ్గరగా వంగింది. "నా రెండు బోర్ల మీద గూడా నీలమే ఉండాది కదప్పా."

"అవునండి."

"అంటే నీళ్లు ఉండాయి. నా బోర్లే అందుకోలేదు. ఇంగా లోతుకు పోవాలంటాది ఇది." ఆమె నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలింది. "బోరు బండి శుక్రవారం మా పక్కూరికి వస్తాది. ఎద్దుల్ని అడుగుతానే ఉండాడు బేరగాడు. గురువారం తోలుకోని పొమ్మంటా. ఆ బొమ్మ నాకొకటి ఇయ్యప్పా."

ఆయన రంగుల్లో అచ్చువేశాడు. ప్రింటరు నా బల్ల పక్కనే ఉంది. వెచ్చగా బయటికి వచ్చిన ఆ కాగితాన్ని తీసి ఆమె చేతికి ఇచ్చింది నేనే. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది. నా చెవులు ఎర్రబడ్డాయి, అంతే.

ఆ సాయంత్రం డైరీలో మూడు పేజీలు రాశాను. పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకు పోయి, కంపెనీ మనిషి రాగానే డైరీ తెరిచి ఆయన ముందు పెట్టి, వేలితో చూపించి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చెప్పలేనప్పుడు చదివించవచ్చని ఇరవై నాలుగేళ్లకు తట్టింది. ఆయన చదివాడు. నేను చూపించిన చోటికన్నా కొంచెం పైనుంచి చదివాడని తర్వాత తెలిసింది.

"నలభై పేజీల మహానుభావుడు నేనేనా మేడం?"

కిటికీలోంచి దూకడానికి మాది కింది అంతస్తే అయిపోయింది.

కానీ ఆయన మంచివాడు. కింద ఉన్నది కూడా చదివాడు, రెండుసార్లు చదివాడు. వెంటనే కడపకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"సార్, తొంభై తొమ్మిది అంటే నీళ్లు లేవని అంటున్నారు మేడం. కోడ్‌లు లేవన్నారు కదా మీరు?"

"అది కోడు కాదప్పా," అన్నాడు సాబు అవతల నుంచి. "మర్యాద."

"మర్యాదకు కాలమ్ లేదు సార్."

"అయితే ఒకటి పెట్టుకోండి. శానా పెద్ద మిషినంటిరి కదా."

పెట్టారు. నీళ్లు పడ్డాయా లేదా అని ఒక కొత్త గడి చేసి, తొంభై తొమ్మిదులన్నిటినీ తీసేసి, అక్కడ "లేదు" అని నింపాలని నిర్ణయించారు. ఆదివారం మార్పిడి ఒక వారం వాయిదా పడింది. మంగళవారం చేసినదంతా వెనక్కి తిప్పడానికి ప్రణాళికలో ఒక అధ్యాయమే ఉంది. ఆయన దాని ప్రకారం నాలుగు మీటలు నొక్కాడు. తెర మీద సముద్రం ఇంకిపోయింది.

"రోల్‌బ్యాక్ పూర్తయింది," అన్నాడు.

"కాలేదు," అన్నాను. పైకే అన్నాను. "కాగితం ఒకటి బయట ఉంది."

ఆయన ప్రణాళిక తిరగేశాడు. కంప్యూటరు చెడితే, నెట్టు పోతే, మనిషికి జ్వరం వస్తే ఏం చేయాలో అన్నీ ఉన్నాయి. పల్లె నుంచి వచ్చిన మనిషి సంచిలోకి పోయిన కాగితాన్ని వెనక్కి ఎలా తేవాలో లేదు. మా దగ్గరున్న ఆమె ఫోన్ నంబరు స్విచాఫ్. ఆయన పోవడానికి లేదు, ఆ రోజంతా పాత డేటా దగ్గరే కూర్చోవాలి. సాబుకు మళ్లీ ఫోన్ చేశాం.

"వచ్చినంక నేనే పోయి చెప్తాలే," అన్నాడు.

"గురువారం ఎద్దులు పోతాయి సాబూ," అన్నాను. "రేపే."

సాబు వెనక కడప ఆఫీసు ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. "అయితే నువ్వు పో పాపా. కానీ లేవని ముఖం మీద అనొద్దు. ఇంకా చూద్దామని చెప్పు. ఆమెకు అర్థమైతాది."

బస్సెక్కితే ఎప్పుడూ ఒక పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. ఆ రోజు కోడుమూరు బస్సులో కూడా తెరిచాను. దిగేటప్పుడు చూసుకుంటే ఎక్కినప్పుడు తెరిచిన పేజీలోనే ఉన్నాను. దారి పొడవునా "ఇంకా చూద్దాం" అన్న మాటను రకరకాలుగా అని చూసుకున్నాను. రంగుల మ్యాపు చేతికిచ్చిన తర్వాత ఆ మాటకు విలువేముంది? చూసిన తర్వాతే కదా నీలం రంగు వేశారని అనుకుంటుంది ఆమె. కోడుమూరు నుంచి ఆటోలో ఆ పల్లెకు చేరేసరికి మధ్యాహ్నమైంది.

పెద్దమ్మ ఇంటి ముందు ఎద్దుల్ని కట్టేసి కొమ్ములకు ఆముదం రాస్తోంది. అవి కొత్తగా పెయింటు వేసిన కిటికీ చువ్వల్లా మెరుస్తున్నాయి. నన్ను చూసి కళ్లు చిట్లించింది.

"ఏమ్మే, నువ్వు ఆ ఆఫీసు పాపవు కాదూ? యాడికి వస్తివి?"

"నీ కాడికే పెద్దమ్మా."

"మాట్లాడతావా నువ్వు! మూగదానివనుకుంటి."

"నిన్న ఇచ్చిన కాగితం..."

"భద్రంగా పెట్టినాలే. అందరికీ చూపిస్తి. మా వీధిలో ఇంగ ఇద్దరు రావాలంటాండారు మీ కాడికి."

ఆ మాట విన్నాక ఇంకా చూద్దాం అనేది నా నాలుక మీదికి రాలేదు. ఎద్దు తోక విసిరింది, నా మోచేతికి తగిలింది.

"ఆ నీలం తప్పు పెద్దమ్మా," అన్నాను. "నీళ్లు లేవు."

"యాడ లేవు?"

"నీ చేన్లో లేవు. నీ పక్క చేన్లో లేవు. వంక దాకా యాడా లేవు. ఎండిపోయిన బోర్లకు మేము తొంభై తొమ్మిది ఇంచులని రాస్తాం. కంప్యూటరు అది నిజమనుకునింది."

ఆమె ఆముదం గిన్నె కింద పెట్టింది. "ఎండినదానికి తొంభై తొమ్మిదా? నా కార్డుల మీద ఉండేది అదేనా? నాకు సదువు రాకపాయె. ఎవురు రాసింది?"

"సాబు. నేను గూడా."

"ఎందుకే?"

"నీకు బాధైతాదని."

ఆమె నన్ను చూసిన చూపుకు నేను ఒకడుగు వెనక్కి వేసి ఎద్దుకు తగిలాను.

"బోరు వేసిన పొద్దు నేను ఆడనే నిలబడుంటి," అంది. "ఆ దుమ్ము నా కండ్లల్లో పడె, నా నోట్లో పడె. మూడు రోజులు దుమ్మే దగ్గితి. ఎండిందని నాకు తెలీదా? మీరు దాచిపెడతాండేది ఎవురికాడే? ఏటేటా సాబు ఇంకా చూద్దామంటాడు. పోయినేడు గూడా అనె. ఒక్కరన్నా లేదు అనింటే నేను ఈ ఆశే పెట్టుకోకపోదును కదా. ఆముదాలు చల్లుకోని నా పాటికి నేనుందును."

"తప్పైంది," అన్నాను.

"మీ మర్యాదలు తగలెయ్య," అంది. తర్వాత పెద్దగా నిట్టూర్చి, "ఫోనుందా నీ కాడ? నాది పాడై పండుకోనుండాది. బోరు బండోనికి చెయ్యి," అని అతని నంబరు నోటికే చెప్పింది. అంకె తప్పకుండా చెప్పింది. ఎన్నిసార్లు చేసిందో. ఫోను ఆమెకివ్వబోతే తీసుకోలేదు. "నువ్వే చెప్పు. నేను చెప్తే వాడు నన్ను తిప్పేస్తాడు. నా మనసు అసలే తిరగనీకి రెడీగా ఉండాది."

అవతలి మనిషి ఎత్తాడు. వెనక ఇంజను మోత.

"అన్నా, శుక్రవారం పెద్దమ్మ చేనుకు బండి వద్దు."

"ఎవరమ్మా నువ్వు? గట్టిగా చెప్పు!"

గట్టిగా చెప్పాను.

"ఏంటికి వద్దు? ఆ చేన్లో నీళ్లుండాయని కంప్యూటరే చెప్పిందంట కదా! ఊరంతా అనుకుంటాండారు!"

"ఆ కంప్యూటరుకు చెప్పింది నేనే! తప్పు చెప్పినా! నీళ్లు లేవు!"

"టెంకాయ పట్టి నీళ్ల పాయింటు చూసినాయన గూడా ఉండాయన్యాడే!"

"ఆయన్ని గూడా రావద్దని చెప్పు!"

అతను ఏదో తిట్టి పెట్టేశాడు. తల తిప్పి చూస్తే ఎదురింటి గోడ మీద నుంచి ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూస్తున్నారు. పెద్దమ్మ వాళ్లకు వినపడేలా, "నీళ్లు లేవంటమ్మో! మీరు గూడా పోబల్లేదు!" అని అరిచింది. ఆ మాట అంత తేలిగ్గా, వీధి దాటించి విసరవచ్చని నాకు తెలియదు. వాళ్లలో ఒకామె, "లేకపోతే లేకపాయె. ఆ పాపకు మజ్జిగన్నా ఇయ్యి," అంది.

మజ్జిగ ఇచ్చింది. నేను తాగుతుంటే తను ఎద్దుల వీపు మీద చేత్తో రాస్తూ, బేరగాడికి ఏం చెప్పాలో గొణుక్కుంటోంది. కాగితం తిరిగి ఇవ్వమని అడిగాను. ఇయ్యనంది, రంగులు బాగున్నాయంది. నేను లేచి, కర్నూలుకు ఇప్పుడు బస్సు దొరుకుతుందా అని అడిగాను.

"లేదు," అంది వెంటనే. "మూడు గంటల బస్సు పాయె. ఈడికి ఇంగ ఆటో గూడా రాదు. రోడ్డు మీదికి పోతే ఆదోని నుంచి కర్నూలుకు పోయే బస్సు ఉండాది." నా చెప్పుల వైపు చూసింది. "నడిచేదానివి కాదు నువ్వు. ఉండు, ఎద్దులుండాయి కదా, బండి కడతా."

నూనె రాసిన కొమ్ముల వెనక, మెడల మీద కాడి పెట్టి బండి కట్టింది. నేను వెనక చెక్క పట్టుకుని ఎక్కాను. రోడ్డు దాకా రెండు మైళ్లు, ఇద్దరం గట్టిగా మాట్లాడుకుంటూ పోయాం.